లెక్క తప్పిన డిసెంబర్లు

డిసెంబరు ఆఖరి వారంలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపేవాడు జోస్యం చెప్పకుండా ఉండలేడు. సంక్రాంతి సరుకు ఈ వారంలోనే చెప్పాలి. ఏజెన్సీలో కాఫీ పళ్ళు కోతకొచ్చి, రాజ్మా అమ్ముడుపోయి, కొండ మీది ఊళ్ళలో నాలుగు డబ్బులు తిరిగే రోజులివి. చింతపల్లి నుంచీ కొయ్యూరు నుంచీ వచ్చిన బస్సులు నర్సీపట్నం కాంప్లెక్సులో ఆగగానే, దిగినవాళ్ళు ముందు బట్టల కొట్లకీ తర్వాత మాలాంటి కొట్లకీ వస్తారు. వాళ్ళేం అడుగుతారో ముందే ఊహించి విశాఖపట్నం డీలరుకి ఆర్డరు పెట్టాలి. అందుకే ఏటా ఈ రోజుల్లో జమాఖర్చుల పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటాను: వచ్చే ఏడు ఏది నడుస్తుంది, ఏది పోతుంది, కొత్తగా ఏది వస్తుంది అని.

ఈసారి 2026 గురించి రాసే పేజీ మొదలుపెట్టే ముందు పాతవన్నీ తీసి చదివాను. తప్పిన లెక్కలే ఎక్కువ. వ్యాపారంలో లెక్క తప్పడం మామూలే, దానికి నాకు బాధ లేదు. కానీ ఆ తప్పులకి ఎక్కువ డబ్బు కట్టింది నా మాట నమ్మి కొన్నవాళ్ళు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క పేజీలోనూ రాసుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2016 పేజీ మంచి ధీమాతో రాసింది. ఆ సెప్టెంబరు 5న జియో వచ్చింది. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. డిసెంబరు 30న భీమ్ యాప్ విడుదలైంది. ఏటీఎంల ముందు వరసలు, రెండు వేల నోటుకి చిల్లర దొరకని కొట్లు, రోజంతా అదే మాట. అంత జరుగుతున్నా నేను రాసుకున్నది ఏమిటంటే, ఫోనుతో డబ్బు కట్టడం మన ఊళ్ళో నిలవదు, కొత్త నోట్లు అందరికీ అందాక జనం మళ్ళీ నోట్లకే పోతారు, కార్డు గీకే మిషను మాత్రం ప్రతి కొట్లోనూ ఉంటుంది. నెలనెలా అద్దె కట్టే ఆ మిషను నేను తీసుకోవడమే కాకుండా, పక్కనున్న ఎరువుల కొట్టాయన చేతా తీయించాను.

నా వాదన అప్పట్లో గట్టిగానే అనిపించింది. కూరగాయలు అమ్మేవాళ్ళలో సగం మందికి ఇంగ్లీషు మెసేజి చదవడం రాదు, డబ్బు పడిందో లేదో ఎలా తెలుస్తుంది? ఎదుటివాడు ఫోను చూపించి ‘కట్టేశాను’ అంటే ఎలా నమ్ముతారు? ఆ ప్రశ్న సరైనదే. జవాబు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తట్టలేదు. ముందు గళ్ళుగళ్ళుగా అచ్చువేసిన క్యూఆర్ కాగితం వచ్చింది, దానికి కరెంటు అక్కర్లేదు, అద్దె అక్కర్లేదు. 2019 తర్వాత ఆ కాగితం పక్కన మాట్లాడే డబ్బా చేరింది. ‘ఇరవై రూపాయలు అందాయి’ అని తెలుగులో పైకి చెప్పే ఆ చిన్న స్పీకరు చదువు అన్న అడ్డుగోడని దాటిపోయింది. చేతులు తడిగా ఉన్న చేపల మనిషి ఫోను ముట్టుకోకుండానే లెక్క వింటోంది. కొన్నవాడికీ అమ్మినవాడికీ పక్కనున్నవాడికీ ఒకేసారి వినబడుతుంది కాబట్టి తగువు లేదు. 2025 ఆగస్టు ఒక్క నెలలో దేశం మొత్తం మీద యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఎరువుల కొట్టాయన ఆ మిషను ఎప్పుడో తిరిగి ఇచ్చేశాడు, కానీ అద్దె రూపంలో పోయింది పోయినట్టే.

ఇక్కడ నా పొరపాటు ఏ యంత్రం గెలుస్తుందో తెలియకపోవడం కాదు. ఆ జోస్యం రాసేముందు నేను మాట్లాడింది కంపెనీ తరఫున వచ్చే సేల్స్ కుర్రాళ్ళతో. బజారులో కూర్చున్న ఏ కూరగాయల మనిషినీ ‘అమ్మా, నీకు దేనికి భయం?’ అని అడగలేదు. అడిగుంటే ‘పడిందో నేదో తెల్దు’ అన్న ఒక్క మాటలో మొత్తం చెప్పేసేది. ఆ భయం ఎవరు తీరిస్తే వాళ్ళదే గెలుపు అని నాకు అప్పుడే అర్థమయ్యేది.

2017 పేజీ దగ్గరికొచ్చేసరికి చదవడం కష్టమైంది.

ఆ డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఒకే తీగ మీద. అదే నెలలో గూగుల్ మాతృసంస్థకి చెందిన ఎక్స్ ప్రయోగశాలతో రాష్ట్రానికి ఒప్పందం కుదిరింది. తీగ వేయడం కష్టమైన చోట్ల ఒక స్తంభం మీంచి ఇంకో స్తంభం మీదికి కాంతిపుంజంతో ఇంటర్నెట్ పంపుతారనీ, అలాంటి లంకెలు 2,000 ఏర్పాటవుతాయనీ ప్రకటించారు. ఆ వార్త చదివి నేను పొంగిపోయాను. మా ఊరి వెనకనుంచి మొదలయ్యే కొండలకి అంతకన్నా సరిపోయేది ఏముంది? ‘2019 నాటికి చింతపల్లి అవతల ప్రతి ఊళ్ళోనూ నెట్’ అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

ఆ కాంతి పద్ధతికి రెండు స్తంభాల మధ్యా చూపుకి అడ్డం లేకుండా ఉండాలి. దానికి పెద్ద శత్రువు పొగమంచు. మంచు బిందువులు వెలుగుని చెదరగొట్టేస్తాయి. ఇదేమీ రహస్యం కాదు, ఆ పని చేసే ఇంజనీర్లందరికీ తెలిసిన ఇబ్బందే. నేను ఉండేది ఎక్కడ? లంబసింగి ఘాటు కింద. చెరువులవేనం మంచు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో కార్లు వచ్చే డిసెంబరులోనే ఆ పేజీ రాశాను. తెల్లవారుజామున పది అడుగుల అవతల ఏముందో కనబడని దారి నాకు తెలుసు. అయినా ఆ మంచునీ ఈ వార్తనీ పక్కపక్కన పెట్టి చూడలేదు. వార్త రాజధానిది, మంచు మాది. మా దగ్గరున్న సంగతికి వార్తంత విలువ నేనివ్వలేదు.

ఆ ఉత్సాహంలోనే 2018 సంక్రాంతికి 4జీ కీప్యాడ్ ఫోన్లు ఎక్కువగా తెప్పించాను. చూడ్డానికి పాత ఫోనులాగే ఉండి, ధర తక్కువై, లోపల నెట్ ఉన్నవి. వాటిలో ఒక కిటుకు ఉంది. అవి 4జీ టవరు ఉన్నచోట తప్ప పలకవు. పాత ఫోను 2జీ తరంగం కొంచెం తగిలినా మాట్లాడుతుంది, ఇవి మాట్లాడవు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంది, నాకూ తెలుసు. టవర్లు ఎలాగూ వచ్చేస్తున్నాయి కదా అనుకున్నాను.

చింతపల్లి దాటి ఇంకా లోపలికి వెళ్ళే ఊరి మనిషి ఒకాయన ఆ పండగ ముందు వచ్చాడు. కాఫీ డబ్బు చొక్కా లోపలి జేబులో మడత పెట్టుకుని ఉన్నాడు. “సిన్న ఫోను సాలు బాబూ. పాప గురుకులంలో సదువుతాది. ఆదివారం మాట్లాడాల” అన్నాడు. వాళ్ళ ఊళ్ళో గుట్ట ఎక్కితే బీఎస్ఎన్ఎల్ 2జీ అందుతుందని కూడా చెప్పాడు. అంతా విని కూడా 4జీ ఫోనే చేతిలో పెట్టాను. “ఇది ముందు రోజులకి పనికొచ్చేది అన్నా, పాతవి రెండేళ్ళలో మూతపడిపోతాయి” అని నమ్మకంగా చెప్పాను. మోసం చెయ్యాలని కాదు, నిజంగా అలాగే అనుకున్నాను. అయినా ఆ మనిషికి దానివల్ల ఒరిగింది లేదు.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఫోను పెట్టెతో సహా కౌంటరు మీద పెట్టి, “దీంట్లో పాప మాట ఇనబడ్నేదు బాబూ” అన్నాడు. కోపం లేదు, అడుగుతున్నట్టుగా అన్నాడు. నేను ఫోను తీసి చూశాను. కొట్లో సిగ్నలు నిండుగా ఉంది. “ఇక్కడ పనిచేస్తోంది కదా, టవరు వస్తుంది, ఉంచుకో” అని తిప్పి ఇచ్చేశాను. నా దగ్గర మామూలు కీప్యాడ్ ఫోన్లు అలమరాలో ఉన్నాయి. మార్చి ఇస్తే నాకు పోయేది కొద్దిపాటి లాభం. తెరిచిన పెట్టె మళ్ళీ అమ్ముడవదని లెక్క వేసుకున్నాను. ఆయన పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మా కొట్టు మెట్లెక్కలేదు.

ఆ కొండల్లోకి టవర్లు రాకపోలేదు. 2023 జూన్‌లో మారుమూల గిరిజన ప్రాంతాల్లో 100 4జీ టవర్లను అప్పటి ముఖ్యమంత్రి ఒకేసారి ప్రారంభించారు. వాటిలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లావే. 2025 సెప్టెంబరు 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ దేశమంతటా మొదలైంది. అంటే 2017లో నేను రాసుకున్నది చివరికి చాలావరకు నిజమైంది. కానీ నిజమయ్యేసరికి 2018లో కొన్న ఫోను బ్యాటరీ ఉబ్బిపోయి ఉంటుంది, గురుకులంలో ఉన్న పాప చదువు పూర్తి చేసి బయటికి వచ్చేసి ఉంటుంది. ఒక వస్తువు వస్తుందని చెప్పడం సులువే. ఫలానా మనిషి గుమ్మం దాకా ఎప్పుడు వస్తుందన్నదే అమ్మేవాడు తెలుసుకోవలసింది. మధ్యలో గడిచే ఆదివారాలు ఎవరివో నేను లెక్కలోకి తీసుకోలేదు.

2020 జోస్యం తప్పలేదు. కరోనాతో బళ్ళు మూతపడతాయి, ఆన్‌లైన్ పాఠాలకి ఫోన్లు అమ్ముడవుతాయి అనుకున్నాను, అలాగే అయింది. పాత టచ్ ఫోన్లు కూడా మిగల్లేదు. అప్పు చేసి ఒక్క ఫోను కొన్న ఇళ్ళలో అది అబ్బాయి చేతికి వెళ్ళింది, అదే ఇంట్లో పై తరగతి చదివే అమ్మాయి పక్కన నిలబడింది. కౌంటరు ఇవతలినుంచి చూస్తూ ఒక్క తండ్రితోనైనా ‘ముందు పెద్దదానికి ఇవ్వండి’ అనలేదు. ఆ ఏడు లాభం వచ్చింది. అంతకన్నా ఆ పేజీ గురించి చెప్పాలని లేదు.

2023 పేజీలో ఇంకో వాక్యం ఉంది: ‘ఇంటింటికీ వెళ్ళి పింఛను నోట్లు ఇచ్చే పద్ధతి ఎక్కువ కాలం ఉండదు, అన్నీ ఖాతాలోకే.’ మా వీధిలోనే ఉన్న ఒక మామ్మ గురించి చెబితే గానీ ఆ వాక్యంలో తప్పేమిటో తెలియదు.

ఆమె కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. ‘అమ్మకి టచ్ ఫోను ఇవ్వండి, వీడియో కాలు వస్తే చాలు’ అని నాకు ఫోను చేశాడు. ఇచ్చాను. ఎవరూ అడక్కుండానే యూపీఐ కూడా పెట్టేశాను. మామ్మ మందులకీ గ్యాసుకీ బయటికి వెళ్ళక్కర్లేదు, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు అనుకున్నాను. గుర్తుంటుందని ఆమె పుట్టిన సంవత్సరమే పిన్ పెట్టాను. ఆమె చేతిలో తెర నిలవదు, వేలు ఒకచోట పెడితే ఇంకోచోట తెరుచుకుంటుంది. అందుకని పక్కింటి కుర్రాడు వచ్చి అన్నీ చేసిపెట్టేవాడు. పిన్ కూడా వాడే కొట్టేవాడు. కొన్నాళ్ళకి చిన్న చిన్న మొత్తాలు వాడి ఆటలకి పోవడం మొదలైంది. బ్యాంకులో పాస్‌బుక్కు అచ్చు వేయించినప్పుడు బయటపడింది.

మామ్మ నా దగ్గరికి వచ్చి అదంతా తీసెయ్యమంది. పోలీసుల దాకా వెళ్దామా అంటే చెయ్యి అడ్డంగా ఊపింది. “డబ్బులు పోతే పోనాయి బాబూ. ఆడు రోజూ వొచ్చి ఓ మాట మాట్లాడి ఎల్లేవోడు. ఇప్పుడు నా గుమ్మం తొక్కడం మానేసేడు” అంది.

ఆమెకి స్వతంత్రం ఇస్తున్నానని నేను అనుకున్నాను. ఉన్న ఒక్క తోడూ దొంగయ్యే వీలు నేనే కల్పించాను. తప్పు ఆ పిల్లవాడిదే కావచ్చు, కానీ తాళం తీసి వాడి చేతికిచ్చింది నేను. ఇప్పుడు నెల మొదట్లో సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి ఆమెకి పింఛను ఇస్తాడు. 2024 జూలై నుంచి అది 4,000 రూపాయలు. వచ్చినతని చేతిలో యంత్రం ఉంటుంది. పని చేసి చేసి అరిగిపోయిన వేలిముద్ర పడకపోతే ఇంకో వేలు పెట్టిస్తాడు, లేకపోతే ముఖం చూపించమంటాడు. ఆమె నోట్లు లెక్క పెట్టుకుంటుంది. యంత్రం వద్దని ఆమె ఎన్నడూ అనలేదు, యంత్రంతోపాటు ఒక మనిషి గుమ్మంలో నిలబడాలి, అంతే. ఈ పద్ధతి ఎక్కువ కాలం ఉండదని రాసిన నేను పొరబడ్డాను. మా ఊళ్ళో నేను చూసిన డిజిటల్ సేవల్లో దీనికి మించి కుదిరింది మరొకటి లేదని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను.

ఇక ఈ ఏడు, 2025. జనవరి 30న మన మిత్ర వచ్చింది, 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో. ఇది నడుస్తుందని రాసుకున్నాను, నడిచింది. కొత్త యాప్ దించుకోమనలేదు, అప్పటికే చేతిలో ఉన్నదాంట్లోకే వచ్చింది. సెప్టెంబరు 22న పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగితే దసరాకి 43 అంగుళాలవి బాగా పోయాయి. ఫోన్ల మీద పన్ను మారలేదు, చాలామంది మారిందనుకుని బేరం ఆడారు. వాళ్ళకి నచ్చజెప్పడానికే పండగ సగం గడిచింది.

కానీ ఈ ఏటి అసలు సంగతి ఏఐ. జూలైలో ఎయిర్‌టెల్ వాళ్ళు పర్‌ప్లెక్సిటీని ఏడాదిపాటు, అక్టోబరు ఆఖర్న జియో వాళ్ళు జెమినీని 18 నెలలపాటు ఉచితమన్నారు. నవంబరు 4 నుంచి చాట్‌జీపీటీ గో కూడా ఏడాది ఉచితమైంది. డిగ్రీ పిల్లలు మొదట వచ్చారు, ఇప్పుడు రైతులు వస్తున్నారు. మొన్న ఒకాయన నా ఎదుటే ఫోనుతో తెలుగులో మాట్లాడి వరి ఆకు మీద మచ్చలకి ఏం కొట్టాలని అడిగాడు. అది మందు పేరు, మోతాదు తడుముకోకుండా చెప్పింది. ఆ జవాబు సరైనదో కాదో నాకు తెలియదు. ఆకు కోసుకుని రైతు సేవా కేంద్రంలో చూపించి, వాళ్ళు చెప్పాకే కొట్టమన్నాను. 2016లోనైతే ‘చదువు రానివాళ్ళకి ఇది ఎక్కదు’ అని రాసేవాణ్ణి. ఈసారి తిరగేసి రాస్తున్నాను: మాట్లాడితే మాట్లాడే యంత్రం టచ్ ఫోనుకన్నా వేగంగా కొండ ఎక్కుతుంది. చదువు వచ్చినవాడు ఇంకోచోట వెతికి సరిచూసుకుంటాడు, రానివాడు విన్నదే నమ్ముతాడు. తప్పు జవాబుకి ఎవరి కౌంటరు మీద పెట్టె తెచ్చి పెట్టాలో అలా నమ్మినవాడికి తెలియదు.

వచ్చే ఏడు చవక ఫోన్ల ధర పెరుగుతుంది. డేటా కేంద్రాలు మెమరీ చిప్పుల్ని మింగేస్తున్నాయి, ఈ డిసెంబరు 3న మైక్రాన్ కంపెనీ మామూలు కొనుగోలుదారులకి అమ్మే క్రూషియల్ బ్రాండును ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ధర పెంచలేని కంపెనీలు లోపల మెమరీ తగ్గిస్తాయి, పెట్టె మాత్రం అలాగే మెరుస్తుంది. అందుకే ఈ సంక్రాంతికి తక్కువ ఫోన్లు, ఎక్కువ బ్యాటరీలూ డిస్‌ప్లేలూ చెప్పాను. రెండేళ్ళ ఫోనుకి బ్యాటరీ మారిస్తే ఇంకో రెండేళ్ళు నడుస్తుందంటే అమ్మకం పోతుంది, పోనీ.

అక్టోబరు 14న గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించాక అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. మన జిల్లా రాంబిల్లి పేరు కూడా వినిపిస్తోంది కదా, మనకి నెట్ చవకవుతుందా అని. కాదు అనే చెబుతున్నాను. మన వీధి రీచార్జి ధర అక్కడి యంత్రాల మీద ఆధారపడదు. స్టార్‌లింక్‌కి ఈ జూన్‌లో లైసెన్సు వచ్చింది కాబట్టి కొండ మీది ప్రతి ఇంటి మీదా డిష్ వస్తుందా అని ఇంకో ప్రశ్న. ఇళ్ళ మీద కాదు, వస్తే ముందు ఏ బడి మీదో పంచాయతీ మీదో వస్తుందని నా అంచనా. సంవత్సరం మాత్రం వెయ్యను. పైన ఆకాశం ఉన్నా కింద కరెంటు ఉండాలి, నెలనెలా కట్టేవాళ్ళూ ఉండాలి.

కొనడానికి వచ్చినవాళ్ళని ఇప్పుడు ముందు ఊరు అడుగుతున్నాను. ఏ సిమ్ము పలుకుతుంది, ఇంట్లోనా గుట్ట మీదా, ఫోను చెడితే ఎవరు చూస్తారు, పిన్ ఎవరికి తెలుసు అని కూడా. కొంతమంది విసుక్కుంటారు. బిల్లు వెనక ‘మీ ఊళ్ళో పలక్కపోతే నెలలోపు మార్చి ఇస్తాము, పెట్టె తెరిచినా సరే’ అని రబ్బరు స్టాంపు వేస్తున్నాను. డీలరు నవ్వాడు, ఆ నష్టం తాను భరించనన్నాడు. భరించేది నేనే.

ఉచిత ఏఐ విషయంలో ఇంకో పని మిగిలింది. కొన్ని ఆఫర్లు మొదట్లోనే యూపీఐ ఆటోపే ఒప్పించుకుంటాయి, గడువు తీరిన నెలలో ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్టయిపోతుంది. నా చేత్తో ఎవరెవరికి పెట్టానో వాళ్ళ పేర్లు, గడువు నెల, ఫోను నంబరు ఈసారి జోస్యం పేజీ ఎదురుగానే రాసుకున్నాను. 2026 అక్టోబరులో ఒక్కొక్కరినీ పిలిచి ఆటోపే తీయించాలి. సిగ్నలు లేని ఊళ్ళవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళకి బస్సు కండక్టరు చేత కబురు పంపిస్తానని ముందే చెప్పి ఉంచాను.